ఓటరు మనసులో అభ్యర్థి: అమెరికా అధ్యక్ష ఎన్నికల అనుభవం

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగంలోని రెండవ అధికరణం దేశ కార్యనిర్వాహక అధికారాన్ని ఒకే ఒక్క వ్యక్తికి అప్పగిస్తుంది. అధ్యక్షుడికి మంత్రివర్గం ఉన్నా అది సలహాలు ఇచ్చేదే తప్ప ఆయన నిర్ణయాన్ని అడ్డుకోగలిగేది కాదు. కాంగ్రెసు ఆమోదించిన బిల్లును తిప్పి పంపడం, ఫెడరల్ నేరాల్లో శిక్ష పడినవారికి క్షమాభిక్ష పెట్టడం, సైన్యానికి సర్వసేనానిగా వ్యవహరించడం, అవసరమని తోస్తే అణ్వాయుధాల ప్రయోగానికి ఆదేశించడం ఆ ఒక్క మనిషి విచక్షణ మీదనే ఆధారపడి ఉంటాయి. కనుక ఆ దేశపు ఓటరు అభ్యర్థుల విధాన పత్రాల కంటే వారి స్వభావం, ఓర్పు, మాటతీరు గురించి ఎక్కువగా ఆలోచిస్తే దానిని చపలత్వమని తోసిపుచ్చడం న్యాయం కాదు. భారతదేశంలో రాష్ట్రపతిని పార్లమెంటు ఉభయ సభలకూ రాష్ట్రాల శాసనసభలకూ ఎన్నికైన సభ్యులు ఎన్నుకుంటారు, అసలు అధికారం లోక్‌సభకు జవాబుదారీగా ఉండే మంత్రిమండలి చేతిలో ఉంటుంది. అందువల్ల ఒక సామాన్య పౌరుడు ఒక వ్యక్తిని ఎదురుగా నిలబెట్టుకుని, ఈ మనిషికి ఇంతటి అధికారం ఇవ్వవచ్చునా అని నాలుగేళ్లకొకసారి తనను తాను ప్రశ్నించుకునే సందర్భం ఎలాంటిదో తెలుసుకోవాలంటే అమెరికా వైపు చూడవలసి వస్తుంది.

ఆ ప్రశ్నకు సామాన్యుడు జవాబు చెప్పగలడా అన్న సందేహం ఆ రాజ్యాంగం పుట్టిననాటిదే. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధుల్లో వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ, ఇంత విశాలమైన దేశంలో ఎక్కడో దూరాన ఉన్న అభ్యర్థుల యోగ్యతను తూచే అవకాశం ప్రజలకు ఉండదని వాదించాడు. ప్రతి రాష్ట్రమూ కొందరు ఎలక్టర్లను, అంటే తన తరఫున అధ్యక్షుడికి ఓటు వేసే ప్రతినిధులను, ఎంపిక చేసే పద్ధతి స్థిరపడటానికి బానిస వ్యవస్థ ఉన్న రాష్ట్రాల పట్టుదల, చిన్న రాష్ట్రాల భయాలు కూడా కారణాలే అయినా, ఎన్నడూ కలవని మనిషి గుణగణాలు ఓటరుకు ఎలా తెలుస్తాయన్న సందేహం వాటిలో ఒకటి. నేటికీ 538 మంది ఎలక్టర్లలో 270 మంది మద్దతు పొందినవారే అధ్యక్షులవుతారు; అయితే ఎలక్టర్లు ఇప్పుడు తమ సొంత విచక్షణతో కాక తమ రాష్ట్రంలో ప్రజలు వేసిన ఓట్లను అనుసరించి నడుచుకుంటారు గనుక, మేసన్ సందేహించిన ఆ బరువు చివరికి సామాన్య ఓటరు భుజాల మీదికే వచ్చింది. మొదట పత్రికలు, తర్వాత రేడియో, ఆ పైన టెలివిజన్ దూరాన ఉన్న అభ్యర్థిని ఓటరు ఇంట్లోకి తీసుకొచ్చాయి. అలా వచ్చిన మనిషిని చూసి ఓటరు మనసులో కలిగే ఇష్టానిష్టాలు ఎక్కడ పుడతాయి, వాటిలో ఎంత అతని సొంతం, ఎంత ఇతరులు ఇచ్చినది అన్నది ఎనభై ఏళ్లకు పైగా పండితులు పరిశీలిస్తున్న విషయం.

ఈ పరిశీలనలో మొదటి పెద్ద మలుపు 1940 ఎన్నికలు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మూడవసారి పోటీ చేస్తూ వెండెల్ విల్కీని ఎదుర్కొన్న ఆ ఏడాది, కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ లాజర్స్‌ఫెల్డ్, బెర్నార్డ్ బెరెల్సన్, హేజెల్ గాడెట్ అనే పరిశోధకులు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మంది ఓటర్లను ఎంచుకుని, మే నుంచి నవంబరు వరకు నెలనెలా అదే మనుషులను మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించారు. ఒకే బృందాన్ని పదేపదే ప్రశ్నించే ఈ పద్ధతిని ప్యానెల్ అధ్యయనం అంటారు. మనిషి అభిప్రాయం ఎప్పుడు, ఎందుకు మారిందో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. అప్పటికి రూజ్‌వెల్ట్ ఏడేళ్లుగా రేడియోలో ప్రజలతో నేరుగా మాట్లాడుతూ ఉన్నాడు, ఆయన గొంతు తెలియని ఇల్లు దాదాపు లేదు. ప్రచారంలో అటువంటి గొంతులు, పత్రికల రాతలు ఓటర్లను అటూ ఇటూ ఊపుతాయని ఆ పరిశోధకులు ఆశించి ఉంటే అది సహజమే. కాని వారికి కనబడింది వేరు. దాదాపు సగం మంది మే నెలలోనే తమ ఓటు ఎవరికో నిర్ణయించుకుని చివరి వరకు దాని మీదే నిలిచారు. ఒక పార్టీని విడిచి మరొక పార్టీకి పూర్తిగా మళ్లినవారు నూటికి ఎనిమిది మంది మాత్రమే. మతం, ఆర్థిక స్థితి, పల్లెలో ఉంటున్నారా పట్టణంలో ఉంటున్నారా అన్న మూడు విషయాలు తెలిస్తే ఓటరు ఎటు మొగ్గుతాడో చాలావరకు చెప్పవచ్చునని 1944లో వెలువడిన వారి గ్రంథం తేల్చింది. ప్రచారం చేసే పనల్లా ఓటరులో అప్పటికే ఉన్న మొగ్గును మేల్కొలపడం, దానికి మాటలు అందించడమేనని వారి అభిప్రాయం.

ఆ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆంగస్ క్యాంప్‌బెల్, ఫిలిప్ కాన్వర్స్, వారెన్ మిల్లర్, డొనాల్డ్ స్టోక్స్ 1952, 1956 ఎన్నికలను దేశవ్యాప్తంగా పరిశీలించి, 1960లో ప్రచురించిన గ్రంథంలో పార్టీ అనుబంధం అనే భావనను ముందుకు తెచ్చారు. ఇది పార్టీలో సభ్యత్వం కాదు, ఆ పార్టీ అభ్యర్థికే ప్రతిసారీ ఓటు వేయడమూ కాదు; చిన్నతనంలో తల్లిదండ్రుల నుంచి అబ్బి, తాను ఈ పక్షం మనిషినని లోలోపల స్థిరపడిన మానసిక బంధం. ఆ బంధం అభ్యర్థిని చూసే కంటికి రంగు పూస్తుంది: తన పార్టీ అభ్యర్థి నెమ్మదిగా మాట్లాడితే ఆలోచనాపరుడిగానూ, ఎదుటి పార్టీవాడు అదే విధంగా మాట్లాడితే తడబడుతున్నవాడిగానూ కనిపిస్తాడు. అయితే మిషిగన్ పండితుల గొప్పతనం ఈ సూత్రం చెప్పడంలో కంటే దానికి లొంగని సంగతిని దాచకుండా చూపడంలో ఉంది. ఆ రెండు ఎన్నికల నాటికీ తాము డెమొక్రాట్లమని చెప్పుకునేవారే దేశంలో ఎక్కువ. అయినా రెండుసార్లూ గెలిచింది రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి డ్వైట్ ఐసెన్‌హోవర్. రెండవ ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో మిత్రరాజ్యాల సేనలను నడిపిన ఆ సేనాని కోసం ప్రచారకులు కట్టిన నినాదంలో విధానం ఊసే లేదు. ఆయన ముద్దుపేరైన ఐక్‌ను పలికి, ఆ మనిషంటే తమకు ఇష్టమని చెప్పే మూడు మాటలు మాత్రమే అందులో ఉన్నాయి. ఏ కారణం చేత మీరు ఈయనకు ఓటు వేయవచ్చు, ఏ కారణం చేత వేయకపోవచ్చు అని మిషిగన్ పరిశోధకులు వాకిట నిలబడి అడిగినప్పుడు, జనం ఆయన చిత్తశుద్ధి గురించి, కర్తవ్యనిష్ఠ గురించి, కుటుంబ జీవితం గురించి, దైవభక్తి గురించి చెప్పారు. ఓటరు వ్యక్తిగత స్పందనను అతని సొంత మాటల్లోనే నమోదు చేసిన ఆ ప్రశ్నలు ఎన్నికల అధ్యయనానికి దక్కిన గొప్ప సంపద.

ఆ సమాధానాలను ఎంతవరకు నమ్మవచ్చునన్నది వేరే చిక్కు. 1980ల చివర స్టోనీ బ్రూక్‌లోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మిల్టన్ లాడ్జ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలు ఓటరు జ్ఞాపకం పనిచేసే తీరును కొత్తగా చూపాయి. ప్రచారంలో ఒక సంగతి చెవిన పడగానే ఓటరు అది మంచో చెడో అక్కడికక్కడే తేల్చుకుని, ఆ అభ్యర్థి మీద తనకున్న మొత్తం అభిప్రాయంలో దానిని కలుపుకుంటాడు. కొద్ది రోజులకు ఆ సంగతి మరుపున పడుతుంది, మొత్తం మాత్రం మిగులుతుంది. దుకాణదారు పద్దులు రాసిన చీటీలను పారేసి, చివరి నిల్వ ఒక్కటే గుర్తుపెట్టుకోవడం వంటిది ఇది. అందుచేత ఫలానా అభ్యర్థి ఎందుకు నచ్చలేదని అడిగినప్పుడు ఓటరు చెప్పే కారణం ఆ అయిష్టానికి మూలం కావచ్చు, లేదా అడిగినందుకు అప్పటికప్పుడు వెదికి తెచ్చినదైనా కావచ్చు. కారణం చెప్పలేని ఓటరును అజ్ఞాని అని తీసిపారేసేవారు ఈ సంగతిని గమనించాలి: అతనికి కారణాలు ఉండి ఉంటాయి, అవి పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటాయి.

ఓటరు స్పందన గురించిన ఏ చర్చ అయినా 1960 సెప్టెంబరు 26 దగ్గర ఆగక తప్పదు. ఆ రాత్రి చికాగోలోని ఒక టెలివిజన్ స్టూడియోలో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి జాన్ కెనెడీ, రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ ముఖాముఖి చర్చకు నిలబడ్డారు. సార్వత్రిక ఎన్నికల్లో ఇద్దరు ప్రధాన అభ్యర్థుల మధ్య టెలివిజన్‌లో జరిగిన మొదటి చర్చ అదే. పదేళ్ల క్రితం పది ఇళ్లలో ఒక ఇంట్లో కూడా లేని టెలివిజన్ అప్పటికి పదింట దాదాపు తొమ్మిది ఇళ్లకు చేరింది, ఆ ప్రసారాన్ని చూసినవారు ఏడు కోట్లకు దగ్గరగా ఉంటారని అంచనా. దాదాపు ఎనిమిదేళ్లుగా ఉపాధ్యక్షుడిగా ఉన్న నిక్సన్ కారు తలుపుకు మోకాలు కొట్టుకుని, ఆ గాయం చీము పట్టడంతో ఆగస్టు చివర నుంచి దాదాపు రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి, బరువు తగ్గి, ఇంకా కోలుకోకుండానే వచ్చాడు. సరైన మేకప్ వద్దని, పెరుగుతున్న గడ్డం కనబడకుండా ఏదో పొడి మాత్రం అద్దుకున్నాడు. ఆయన బూడిద రంగు సూటు వెనుక గోడ రంగులో కలిసిపోయింది. నలభై మూడేళ్ల కెనెడీ ముదురు రంగు సూటులో, ఎండకు కాస్త రంగు తేలిన ముఖంతో నిబ్బరంగా నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఒక కథ ప్రచారంలో ఉంది: రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచాడనుకున్నారు, టెలివిజన్‌లో చూసినవారు కెనెడీ గెలిచాడనుకున్నారు. ఫిలడెల్ఫియాకు చెందిన సిండ్లింగర్ అనే సంస్థ టెలిఫోనులో చేసిన సర్వే దీనికి ఆధారం. 1987లో డేవిడ్ వాన్సిల్, స్యూ పెండెల్ అనే పరిశోధకులు ఆ ఆధారాన్ని తిరిగి పరిశీలించి, అందులో రేడియో విన్నవారి సంఖ్య 300 కంటే తక్కువని, వారు దేశం మొత్తానికి నమూనాగా ఎంపికైనవారు కారని, టెలివిజన్ లేని ఇళ్లు ఎక్కువగా పల్లెల్లోనూ ప్రొటెస్టెంట్ కుటుంబాల్లోనూ ఉండి ఉండవచ్చు గనుక ఆ శ్రోతలు మొదటినుంచే నిక్సన్ వైపు మొగ్గినవారు కావచ్చునని ఎత్తి చూపారు. ఆ విమర్శ సరైనదే. కాని కథ అక్కడితో ముగియలేదు. 2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఆ చర్చ గురించి పెద్దగా తెలియని తర్వాతి తరం విద్యార్థులను యాదృచ్ఛికంగా రెండు బృందాలు చేసి, ఒక బృందానికి గొంతులు మాత్రమే వినిపించి, మరొకదానికి బొమ్మ కూడా చూపించాడు. చూసినవారిలో కెనెడీ గెలిచాడన్నవారు ఎక్కువయ్యారు, పైగా ఎవరు గెలిచారో తేల్చుకోవడంలో వారు అభ్యర్థుల వ్యక్తిత్వం మీద తమకు కలిగిన అభిప్రాయాన్ని ఎక్కువగా ఉపయోగించుకున్నారు. పాత సర్వే బలహీనమైనదైనా, అది సూచించిన తేడా నిజంగానే ఉందన్నమాట.

ఈ తేడాకు మేకప్ కంటే లోతైన కారణం ఒకటి ఉంది, దానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు. రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే రెండవవారు లేనట్టే. వినేవారికి ఉన్నది మాట, ఆ మాటలోని తర్కం, గొంతులోని ధైర్యం లేదా వణుకు. టెలివిజన్‌లో మాట్లాడనివాడు కూడా పరీక్షకు నిలబడి ఉంటాడు. ఆ రాత్రి దర్శకుడు కెనెడీ మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్యలో కెమెరాను నిక్సన్ వైపు తిప్పాడు, అప్పుడు ప్రేక్షకులకు కనిపించినది చెమట తుడుచుకుంటూ అలసటతో వింటున్న మనిషి. అంటే ఓటరు మొదటిసారిగా అభ్యర్థి చెప్పే మాటనే కాక, ఎదుటివాడి మాటను అతడు ఎలా వింటాడో కూడా చూశాడు. అధ్యక్షుడయ్యే మనిషి రోజంతా చేసే పనిలో సగం ఇతరులు చెప్పేది వినడమే గనుక ఇది పనికిమాలిన పరీక్షేమీ కాదు. ఆసుపత్రి నుంచి లేచి వచ్చినవాడికి మాత్రం అన్యాయమైన పరీక్ష.

ఆ ఎన్నికల్లో ఇద్దరి మధ్య ప్రజల ఓట్ల తేడా లక్షా ఇరవై వేల కంటే తక్కువ కావడంతో ఆ ఒక్క రాత్రే ఫలితాన్ని తేల్చిందని చెప్పడం తేలికైపోయింది. నిజానికి ఆ ఏడాది ఓటర్ల స్పందనను అంతకంటే బలంగా కదిలించినది కెనెడీ మతం. అంతకు ముందు ఏ కాథలిక్కూ అధ్యక్షుడు కాలేదు, 1928లో పోటీ చేసిన ఆల్ స్మిత్ ఓడిపోయాడు. కాథలిక్కులు చాలా తక్కువగా ఉన్న వెస్ట్ వర్జీనియాలో 1960 మే 10న జరిగిన ప్రాథమిక ఎన్నికలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి ఓటర్లనే అడిగే ఎన్నికలో, కెనెడీ హ్యూబర్ట్ హంఫ్రీని ఓడించినా, సందేహాలు సద్దుమణగక సెప్టెంబరు 12న హూస్టన్‌లో ప్రొటెస్టెంట్ మతబోధకుల ఎదుట నిలబడి, తన ప్రభుత్వ నిర్ణయాలకు చర్చితో సంబంధం ఉండదని వివరించవలసి వచ్చింది. ప్రొటెస్టెంట్ డెమొక్రాట్లలో కొందరు ఆయనకు దూరమైనారు, కాథలిక్ రిపబ్లికన్లలో కొందరు దగ్గరైనారు. మొత్తం మీద మతం వల్ల ఆయనకు లాభం కంటే నష్టమే జరిగిందని మిషిగన్ పండితులు తేల్చారు. ముఖానికి రాసుకున్న పొడి గురించి అరవై ఏళ్లుగా చెప్పుకుంటున్న లోకం ఈ సంగతిని అంతగా చెప్పుకోదు, చెప్పుకోవలసినది మాత్రం ఇదే.

ఓటరు స్పందన పూర్తిగా అతని సొంతమా అన్న ప్రశ్నకు 1976 చర్చలు స్పష్టమైన జవాబు ఇచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 6న శాన్ ఫ్రాన్సిస్కోలో జిమ్మీ కార్టర్‌తో జరిగిన చర్చలో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ తూర్పు ఐరోపా మీద సోవియట్ ఆధిపత్యం లేదన్నాడు. పోలండ్‌లో, హంగరీలో సోవియట్ సేనలు ఉన్న కాలంలో అది వాస్తవానికి విరుద్ధమైన మాటే అయినా, ఆ రాత్రే ప్రశ్నించిన ప్రేక్షకుల్లో దానిని పట్టించుకున్నవారు చాలా తక్కువ, ఫోర్డ్ బాగానే మాట్లాడాడని చాలామంది అనుకున్నారు. మర్నాడు రోజంతా పత్రికలు, టెలివిజన్ వార్తలు ఆ ఒక్క వాక్యాన్నే పదేపదే చూపాయి. సాయంత్రానికి అవే ప్రశ్నలు అడిగితే కార్టర్ గెలిచాడన్నవారు ఎంతో ముందుకు వచ్చారు, ఫోర్డ్ పొరపాటును కారణంగా చెప్పేవారూ పెరిగారు. అంతా చూసినది ఒకే చర్చ. మారినది చూసినది కాదు, చూసిన దానికి లోకం పెట్టిన అర్థం. పరిశోధకులు దీనిని రెండంచెల ప్రభావం అనే పాత భావనతో పోల్చి చూశారు: ఈరీ కౌంటీలో లాజర్స్‌ఫెల్డ్ బృందం కనుగొన్నట్టు, సమాచారం చాలామందికి నేరుగా కాక, ఇరుగుపొరుగులో పత్రిక చదివి, రేడియో విని, నలుగురితో చర్చించే వ్యక్తుల ద్వారా చేరుతుంది. 1940లో ఆ పని ఇరుగుపొరుగు మనిషి చేస్తే, 1976 నాటికి దానిని రాత్రి వార్తలు చదివే వ్యాఖ్యాత చేశాడు.

అదే ఏడాది ఏప్రిల్‌లో జరిగిన మరో సంఘటనను శామ్యూల్ పాప్‌కిన్ 1991లో వెలువరించిన గ్రంథంలో చర్చకు తెచ్చి, ఓటరు పట్ల పండితుల దృష్టినే కొంత మార్చాడు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఫోర్డ్‌కు తమాలే ఇచ్చారు; మొక్కజొన్న పిండిలో మాంసం కూరి, మొక్కజొన్న కండె పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఈ మెక్సికన్ వంటకాన్ని ఆయన పొట్టు తీయకుండానే కొరికాడు. మెక్సికన్ మూలాలున్న ఓటరు ఆ దృశ్యం చూసి, ఈయన మా ఇళ్లలో ఎన్నడూ భోజనానికి కూర్చోలేదని గ్రహిస్తే అందులో తర్కం లేదా అని పాప్‌కిన్ ప్రశ్న. విధాన పత్రాలు చదివే తీరిక లేని పౌరుడు చౌకగా దొరికిన చిన్న గుర్తు నుంచి పెద్ద సంగతిని ఊహించుకోవడాన్ని ఆయన తక్కువ సమాచారంతో చేసే తర్కం అన్నాడు. ఈ వాదంలో సత్యం ఉంది, పరిమితీ ఉంది. పొట్టు తీయని తమాలే ఆ మనిషికి ఆ సమాజంతో పరిచయం లేదని చెబుతుంది. ఆ సమాజపు పిల్లల బడులకు ఆయన ఏం చేస్తాడో చెప్పదు. 1992లో రిచ్‌మండ్ చర్చలో అధ్యక్షుడు జార్జ్ బుష్ గడియారం చూసుకోవడం, ప్రశ్న అడిగిన మహిళ దగ్గరికి బిల్ క్లింటన్ నడుచుకుంటూ వెళ్లడం కూడా ఇటువంటి గుర్తులే. 1988 అక్టోబరులో జరిగిన చర్చలో డెమొక్రటిక్ అభ్యర్థి మైకేల్ డుకాకిస్‌ను, మీ భార్య మీద అత్యాచారం చేసి చంపినవాడికైనా మరణశిక్ష కోరరా అన్న అర్థంలో అడిగితే, తన చిరకాల అభిప్రాయం ప్రకారం కోరనని ఆయన చలించకుండా జవాబిచ్చాడు. నిలకడగా మాట్లాడిన ఆ మనిషిని చాలామంది రాయిగా చూశారు. సిద్ధాంతం విషయంలో అంత నిజాయతీ చూపిన జవాబుకు అంతటి శిక్ష పడటం ఓటరు స్పందనలోని బలహీనతను బయటపెడుతుంది.

కన్నీటి విషయంలో ఓటర్ల తీర్పు కాలంతో పాటు మారింది. 1972 ఫిబ్రవరిలో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ నగరంలో మంచు కురుస్తుండగా, తన భార్యను కించపరచిన పత్రికాధిపతిని ఖండిస్తూ మాట్లాడిన సెనెటర్ ఎడ్మండ్ మస్కీ ఏడ్చాడని విలేఖరులు రాశారు, కరిగిన మంచు మాత్రమేనని ఆయన చెప్పుకున్నాడు. ఆ రాష్ట్ర ప్రాథమిక ఎన్నికలో మొదటి స్థానం దక్కినా అంచనాలను అందుకోలేక క్రమంగా రంగం నుంచి తప్పుకున్నాడు. 2008 జనవరి 7న అదే రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఒక ఓటరు ఇంత శ్రమను ఎలా తట్టుకుంటున్నారని అడిగితే హిల్లరీ క్లింటన్ కళ్లు చెమర్చాయి, మర్నాడు అక్కడి ప్రాథమిక ఎన్నికలో ఆమె సర్వేల అంచనాలను తలకిందులు చేస్తూ బరాక్ ఒబామా మీద గెలిచింది. గెలుపుకు ఆ తడే కారణమని రుజువు చేసినవారు లేరు. అయితే పురుషుడిలో బలహీనతగా తోచినది, కఠినంగా ఉంటుందని పేరుపడిన స్త్రీలో మానవత్వంగా తోచిందంటే, ఓటరు అభ్యర్థిని ఒంటరిగా చూడడని, ఆ అభ్యర్థి గురించి తాను ముందే కట్టుకున్న అంచనాతో పోల్చి చూస్తాడని అర్థమవుతుంది.

ఇష్టాన్ని, అయిష్టాన్ని కొలవడానికి 1964 నుంచి అమెరికా ఎన్నికల అధ్యయనంలో ఒక సాధనం వాడుతున్నారు. సున్నా నుంచి వంద డిగ్రీల వరకు ఉన్న ఉష్ణమాపకం బొమ్మ ఓటరుకు చూపి, అభ్యర్థి పట్ల మీకున్న భావం ఎన్ని డిగ్రీలని అడుగుతారు. 50 అంటే వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు. 1980 నుంచి, ఈ అభ్యర్థి మీకు ఎప్పుడైనా కోపం తెప్పించాడా, భయం కలిగించాడా, ఆశ కలిగించాడా, గర్వం కలిగించాడా అన్న ప్రశ్నలు కూడా చేరాయి. జార్జ్ మార్కస్, ఆయన సహచరులు వీటిని విశ్లేషించి చెప్పిన సంగతి ఆలోచింపదగినది: ఉత్సాహం ఓటరును తన పక్షానికి ఇంకా గట్టిగా అతికిస్తుంది, ఆందోళన మాత్రం అతనిని అలవాటు నుంచి లేపి కొత్త సమాచారం వెదికేలా చేస్తుంది. భయాన్ని వాడుకునే ప్రచారకులను సమర్థించడానికి దీనిని వాడరాదు. 1964 సెప్టెంబరులో లిండన్ జాన్సన్ బృందం డబ్బు చెల్లించి ఒక్కసారి మాత్రమే ప్రసారం చేయించిన ప్రకటనలో పూరేకులు లెక్కపెడుతున్న పాప వెనుక అణు విస్ఫోటం చూపడం, ప్రత్యర్థి పేరైనా ఎత్తకుండా అతనిని భయంకరుడిగా చేయడం, అటువంటి వాడకానికి తొలి ఉదాహరణల్లో ఒకటి. అదే ఉష్ణమాపకం గత యాభై ఏళ్లలో చూపిన మరో మార్పు ఇంకా కలవరపెట్టేది. 1970లలో ఎదుటి పార్టీకి సగటున 50కి కొంచెం తక్కువ డిగ్రీలు ఇచ్చిన అమెరికన్లు 2020 నాటికి దాదాపు 20 డిగ్రీలు ఇచ్చారు. తన పార్టీ మీద ప్రేమ పెరగలేదు, ఎదుటివారి మీద ద్వేషం పెరిగింది. ఆ స్థితిలో అభ్యర్థి ముఖం, మాట, జవాబు ఏమైనా ఓటరు మనసులో కొత్తగా నమోదయ్యే చోటు కుదించుకుపోతుంది.

ఈ నేపథ్యంలో వలస వచ్చి పౌరసత్వం పొందిన ఓటర్ల స్థితి ప్రత్యేకమైనది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన అమెరికన్ పార్టీ అనుబంధం వారికి లేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టి, టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారు అభ్యర్థులను మొదటిసారి చూసేటప్పుడు మిషిగన్ పండితులు చెప్పిన రంగుటద్దం వారి కళ్లకు ఇంకా బిగిసి ఉండదు. 2024 ఎన్నికలు వారి ముందు రెండు బంధుత్వాలను నిలబెట్టాయి: డెమొక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్ తల్లి శ్యామలా గోపాలన్ తమిళనాడు కుటుంబానికి చెందినది, రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ భార్య ఉష తెలుగింటి ఆడపడుచు, ఆమె పూర్వికులది పశ్చిమ గోదావరి ప్రాంతం. గోదావరి జిల్లాలో ఆ పేరు విని కలిగిన ఆనందం సహజం, ఎవరూ తప్పుపట్టలేనిది. ఓటు వేసే చోట మాత్రం ఆ బంధుత్వాలే తీర్పు చెప్పలేదు. ఆ శరదృతువులో భారతీయ అమెరికన్ల మీద కార్నెగీ సంస్థ చేయించిన సర్వేలో 61 శాతం హారిస్‌కు, 32 శాతం డొనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేస్తామన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు జో బైడెన్‌కు దక్కిన మద్దతు 70 శాతానికి దగ్గరగా ఉండేది. ఇంటి పేరు విని పొంగిన మనసు ధరలు, వీసాలు, గర్భస్రావ హక్కు, పిల్లల చదువు గురించి వేరుగా లెక్క వేసుకుంటుందనడానికి ఇది తార్కాణం.

ఆ 2024లోనే జూన్ 27న అట్లాంటాలో జరిగిన చర్చలో 81 ఏళ్ల బైడెన్ మాట తడబడి, వాక్యం పూర్తి చేయలేక నిలిచిపోయిన దృశ్యం చూసి ఆయన సొంత పార్టీవారే కలవరపడ్డారు. ఎదుటి పక్షం విమర్శకు చెదరని అనుబంధం కంటితో చూసిన సంగతికి చెదిరింది. జూలై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. పార్టీ అనుబంధం ఎంత బలమైనదైనా ఓటరు కళ్లు పూర్తిగా మూయలేదని ఆ రోజులు చూపాయి, ప్రజాస్వామ్యానికి ఇది శుభవార్తే, ఒక వృద్ధ నాయకుడికి అది ఎంత బాధాకరమైనదైనా సరే.

ఇంతవరకు చెప్పినదంతా ఎవరో ఒకరిని ఇష్టపడే ఓటరు గురించి. ఇద్దరినీ ఇష్టపడనివారి సంగతిని ఎన్నికల అధ్యయనాలు చాలాకాలం పక్కన పెట్టాయి, 2016 వారిని ముందుకు తెచ్చింది. ఆ నవంబరులో ఓటు వేసి బయటికి వచ్చినవారిని ప్రశ్నించిన సర్వేలో 18 శాతం మంది హిల్లరీ క్లింటన్ మీద గాని, ట్రంప్ మీద గాని తమకు సదభిప్రాయం లేదన్నారు. అయినా వారు పోలింగ్ బూత్‌కు వచ్చారు, వారిలో 47 శాతం ట్రంప్‌కు, 30 శాతం క్లింటన్‌కు ఓటు వేశారు, మిగిలినవారు చిన్న పార్టీల వైపు మళ్లారు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు మూడింటిలో కలిపి ఎనభై వేల కంటే తక్కువ ఓట్ల తేడాతో తేలిన ఆ ఎన్నికలో, దేశానికి అధ్యక్షుడెవరో నిర్ణయించిన వారిలో చాలామంది, తాము ఎంచుకున్న మనిషి గురించి అడిగితే మంచి మాట చెప్పలేనివారు.